ఈబీ-5: ప్రాజెక్టు సంగతి తర్వాత, ముందు మీ డబ్బు కాగితాలు తియ్యండి

అడిగినవారి పరిస్థితి ఇదీ. నల్గొండ జిల్లాలో తాతల నాటి భూమి అమ్మితే 9 కోట్లు వచ్చాయి. అబ్బాయికి 25 ఏళ్ళు, అమెరికాలో ఎమ్మెస్ పూర్తయి ఓపీటీ (చదువు తర్వాత కొంతకాలం పనిచేసే అనుమతి) మీద పనిచేస్తున్నాడు. అమ్మాయి ఇంటర్ చదువుతోంది. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెంట్ "8 లక్షల డాలర్లు పెట్టండి, ఇంటిల్లిపాదికీ గ్రీన్‌కార్డు వస్తుంది, ఐదేళ్ళకు డబ్బు వెనక్కి గ్యారంటీ" అంటున్నాడు. ఈబీ-5కి (అమెరికా ప్రాజెక్టులో పెట్టుబడి పెట్టి గ్రీన్‌కార్డు పొందే పథకం) వెళ్ళాలా, ట్రంప్ గోల్డ్ కార్డుకు వెళ్ళాలా అన్నది ప్రశ్న.

కన్సల్టెంట్ చెప్పిన రెండు మాటలూ తప్పు. ముందు వాటిని తేల్చేద్దాం, ఎందుకంటే మిగతా నిర్ణయాలన్నీ వాటి మీదే ఆధారపడి ఉన్నాయి.

మొదటిది, ఇంటిల్లిపాదికీ అన్న మాట. ఈబీ-5లో పెట్టుబడి పెట్టినవారితో పాటు భార్య లేదా భర్తకు, 21 ఏళ్ళలోపు పెళ్ళికాని పిల్లలకు మాత్రమే గ్రీన్‌కార్డు వస్తుంది. మీ పేరున పెడితే మీ దంపతులకూ అమ్మాయికీ వస్తుంది. 25 ఏళ్ళ అబ్బాయికి రాదు. అబ్బాయి పేరున పెడితే అతనికి వస్తుంది, మీ ముగ్గురికీ రాదు. మొత్తం కుటుంబానికి ఒకే పెట్టుబడితో రావడానికి చట్టంలో దారి లేదు. అమెరికాలో ఉద్యోగం, హెచ్-1బీ లాటరీ, ఓపీటీ గడువు అన్న ఒత్తిడి అబ్బాయి మీదే ఉంది కాబట్టి అతని పేరునే వెళ్ళడం సబబు. అతను గ్రీన్‌కార్డు వచ్చిన ఐదేళ్ళకు పౌరసత్వం తీసుకుంటే మీ దంపతులను స్పాన్సర్ చెయ్యవచ్చు. తల్లిదండ్రుల కేటగిరీకి కోటా లేదు. అమ్మాయికి మాత్రం అన్న ద్వారా వచ్చే దారి దశాబ్దాల క్యూ. ఆమె చదువు, ఆమె వీసా వేరుగా ఆలోచించాల్సిందే.

రెండోది, గ్యారంటీ. ఈబీ-5 డబ్బు రిస్కులో ఉండి తీరాలని నిబంధన. ఫలానా తేదీకి ఇంత తిరిగి ఇస్తామని రాసిచ్చిన ఒప్పందం ఉంటే దాన్ని పెట్టుబడిగా కాక అప్పుగా చూస్తారు. 1998లో అమెరికా ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చిన ఇజుమి కేసు నిర్ణయం నుంచి ఇది స్థిరపడిపోయిన విషయం. అంటే ఆ గ్యారంటీ కాగితం నిజమైతే మీ దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది, నిజం కాకపోతే మీరు మోసపోతున్నారు. మంచి ప్రాజెక్టులో డబ్బు వెనక్కి వచ్చే అవకాశం బాగానే ఉంటుంది. కానీ దాన్ని అవకాశం అనే చెప్పాలి, మాట ఇవ్వకూడదు. వడ్డీ కూడా చాలా ప్రాజెక్టుల్లో ఏడాదికి ఒక శాతం లోపే. ఇక్కడ మీరు కొంటున్నది గ్రీన్‌కార్డు. అసలు భద్రంగా తిరిగొస్తే చాలన్న లెక్కతో దిగాలి.

ఇక చట్టం సంగతి. 2022 మార్చి 15న వచ్చిన సంస్కరణ చట్టం ప్రకారం గ్రామీణ ప్రాంతంలోనో, నిరుద్యోగం ఎక్కువున్న ప్రాంతంలోనో, ప్రభుత్వ మౌలిక సదుపాయాల ప్రాజెక్టులోనో పెడితే కనీసం 8 లక్షల డాలర్లు, మిగతా చోట్ల 10 లక్షల 50 వేలు. ఒక్కో పెట్టుబడిదారుడి డబ్బుతో 10 పూర్తికాలపు ఉద్యోగాలు పుట్టాలి. ఏటా కుటుంబ సభ్యులతో కలిపి సుమారు 10 వేల వీసాలు. అందులో 20 శాతం గ్రామీణ ప్రాజెక్టులకు, 10 శాతం నిరుద్యోగ ప్రాంతాలకు, 2 శాతం మౌలిక సదుపాయాలకు విడిగా పక్కన పెట్టారు. భారత్‌లో పుట్టినవారికి ఈ విడిగా పెట్టిన కోటాయే ప్రాణం. మామూలు కోటాలో మనవాళ్ళకు ఏళ్ళ తరబడి క్యూ ఉంది. ఈ రిజర్వు కోటాలు 2025 అంతా వీసా బులెటిన్‌లో (అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా ఇచ్చే క్యూ పట్టిక) కరెంట్‌గానే, అంటే క్యూ లేకుండానే నడిచాయి. డబ్బు కదిపే నెలలో బులెటిన్ మళ్ళీ చూసుకోండి. ఇలాంటి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందనుకోకూడదు. గ్రామీణ దరఖాస్తులను ముందుగా పరిశీలించాలని కూడా చట్టంలోనే ఉంది, కాబట్టి రెండిట్లో గ్రామీణమే నా ఎంపిక.

రెండు తేదీలు గుర్తుపెట్టుకోండి. రీజనల్ సెంటర్ (చాలామంది పెట్టుబడులను కలిపి ప్రాజెక్టులో పెట్టే, ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థ) పథకానికి 2027 సెప్టెంబర్ 30 దాకా అనుమతి ఉంది. అయితే 2026 సెప్టెంబర్ 30 లోపు దాఖలైన దరఖాస్తులకే, పథకం తర్వాత ఆగిపోయినా పరిశీలన కొనసాగుతుందన్న రక్షణ ఉంది. 2027 జనవరి 1న కనీస పెట్టుబడి ద్రవ్యోల్బణం ప్రకారం పెరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈబీ-5 దరఖాస్తులో సగానికి పైగా పని ప్రాజెక్టు గురించి కాదు, డబ్బు గురించి. ఆ రూపాయి ఎక్కడ పుట్టింది, ఎవరి చేతుల మీదుగా వెళ్ళింది, డాలరై ఎస్క్రో ఖాతాలో (షరతులు తీరేదాకా మూడో సంస్థ డబ్బు పట్టి ఉంచే ఖాతా) ఎలా పడింది అన్నది ఒక్క మెట్టు కూడా తప్పకుండా కాగితాల మీద చూపాలి. 2022 చట్టం దీన్ని ఇంకా బిగించింది. 7 ఏళ్ళ పన్ను రికార్డులు కావాలి. బహుమతిగా ఇచ్చిన వారి డబ్బు మూలం కూడా అంతే లోతుగా చూపాలి. ప్రాజెక్టుకు కట్టే అడ్మినిస్ట్రేషన్ ఫీజు మూలం కూడా చూపాలి.

అందుకే మిమ్మల్ని మొదట అడగాల్సిన ప్రశ్న: 9 కోట్లలో రిజిస్ట్రేషన్ ఎంతకైంది?

మన దగ్గర భూమి అమ్మకాల తీరు అందరికీ తెలిసిందే. ప్రభుత్వ మార్కెట్ విలువకు సేల్ డీడ్, మిగతాది చేతికి. మీ డీడ్‌లో 3 కోట్లు ఉండి 6 కోట్లు నగదుగా వచ్చి ఉంటే, ఈబీ-5 లెక్కలో మీ దగ్గర ఉన్నది 3 కోట్లే. మిగతా 6 కోట్లను ఏ వకీలూ, ఏ సీఏ తెల్లగా చూపించలేరు. వ్యవసాయ ఆదాయమని చూపిద్దాం, బంధువుల దగ్గర చేబదులని రాద్దాం అని ఎవరైనా సలహా ఇస్తే అక్కడితో ఆ మనిషిని వదిలెయ్యండి. ఇలాంటి అబద్ధం తప్పుడు సమాచారం కింద తేలితే అబ్బాయికి ఈ దరఖాస్తే కాదు, జీవితాంతం అమెరికా వీసాలకే అడ్డు పడుతుంది.

ఇది చదివేవారిలో ఇంకా అమ్మకం జరగనివారుంటే ఇదే సరైన సమయం. మొత్తం ధరకు రిజిస్ట్రేషన్ చేయించండి. మున్సిపాలిటీకి దూరంగా ఉన్న వ్యవసాయ భూమి పన్ను చట్టం దృష్టిలో మూలధన ఆస్తి కాదు, కాబట్టి అమ్మేవారికి క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు. జనాభా 10 వేల నుంచి లక్ష ఉన్న మున్సిపాలిటీ అయితే 2 కిలోమీటర్లు, 10 లక్షల దాకా 6, ఆపైన 8 కిలోమీటర్లు దాటి ఉండాలి, అదీ ఆకాశ మార్గంలో కొలిస్తే. ధర దాచడం వల్ల అమ్మేవారికి వచ్చే లాభం ఏమీ లేదన్నమాట. ఇబ్బంది కొనేవాడికే: తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, పైగా అతని డబ్బు కూడా తెల్లగా ఉండాలి. ఆ 7.5 శాతం మేర ధర తగ్గించి ఇచ్చినా మీకు నష్టం లేదు. చెక్కు లేదా ఆర్టీజీఎస్ మీద వచ్చిన రూపాయికే ఇక్కడ విలువ.

రిజిస్ట్రేషన్ సవ్యంగా ఉందనుకుందాం. భూమి మీకెలా వచ్చిందో అక్కడి నుంచి మొదలుపెట్టాలి. తాతల ఆస్తి అంటే పాత పహాణీలు, విరాసత్ జరిగిన ఉత్తర్వు, మరణ ధ్రువీకరణ పత్రాలు, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, పాత పాస్‌బుక్, ధరణి లేదా భూభారతి నుంచి తీసిన వివరాలు, ఈసీ, అమ్మిన సేల్ డీడ్, దానికి సరిపోయే బ్యాంకు స్టేట్‌మెంట్. ఆంధ్రలో అయితే అడంగల్, 1బీ. అమరావతిలో పూలింగ్‌కు ఇచ్చి వచ్చిన ప్లాటు అమ్మితే మూల భూమి పట్టా, పూలింగ్ ఒప్పందం, ఎల్‌పీఓసీ (పూలింగ్ యాజమాన్య పత్రం) మూడూ ఒక గొలుసుగా కలవాలి. హైదరాబాద్‌లో బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కు ఇచ్చి మీ వాటా ఫ్లాట్లు అమ్మినట్టయితే ఆ ఒప్పందం కూడా. నల్గొండ లాంటి చోట 1954-55 ఖాస్రా పహాణీ దాకా వెళ్ళాల్సి వస్తే అది ఉర్దూలో ఉంటుంది. తెలుగు, ఉర్దూ కాగితాలన్నిటికీ పూర్తి ఇంగ్లీషు అనువాదం, అనువదించినవారి ధ్రువీకరణ ఉండాలి. ముఖ్యమైన పేరాలు మాత్రమే అనువదించి పెడితే ఆర్ఎఫ్ఈ, అంటే ఇంకా ఆధారాలు చూపమనే నోటీసు వస్తుంది. పహాణీ అంటే ఏమిటో, పట్టాదారు కాలమ్ ఏదో, అనుభవదారు కాలమ్ ఏదో యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) అధికారికి తెలియదు. ఒక పేజీలో వివరణ రాసి పైన పెట్టిన ఫైలుకూ, కాగితాల కట్ట పడేసిన ఫైలుకూ చాలా తేడా ఉంటుంది.

ఎక్కువమంది తెలుగువాళ్ళు తట్టుకొని పడేది పేర్ల దగ్గర. పాస్‌బుక్‌లో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. పాస్‌పోర్టులో అది తిరగబడి ఉంటుంది. పాన్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. సేల్ డీడ్‌లో "తండ్రి ఫలానా" అని తండ్రి పేరుతో గుర్తింపు. ఈ నాలుగూ ఒకే మనిషివని మనకు చూడగానే తెలుస్తుంది. చూసే అధికారికి నలుగురు మనుషులు కనిపిస్తారు. నోటరీ చేసిన అఫిడవిట్ ఒకటి, అందులో అన్ని రూపాలూ వరుసగా రాసి ఏ కాగితంలో ఏ రూపం ఉందో పేజీ నంబరుతో సహా చూపండి. కొత్త భూమి కాగితాలు చేయించేటప్పుడే పాస్‌పోర్టులో ఉన్న పేరు రాయిస్తే ఈ బాధ ఉండదు.

ఇంకోటి, ఆడపడుచుల వాటా. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకూ సమాన హక్కు ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం తెచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. సేల్ డీడ్‌లో మీ అక్కచెల్లెళ్ళు కూడా అమ్మినవారిగా సంతకం పెట్టి ఉంటే, 9 కోట్లు మొత్తం మీ ఖాతాలో పడినా అందులో వాళ్ళ వాటా వాళ్ళదే. వాళ్ళు హక్కు వదులుకున్న రిజిస్టర్డ్ పత్రం ఉందా, లేక వాళ్ళు కూడా మీ అబ్బాయికి బహుమతి ఇస్తున్నట్టా అన్నది ముందే తేల్చుకోండి. డీడ్‌లో ఆరుగురు అమ్మినవారు, ఖాతా ఒక్కరిది అయితే ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది.

రూపాయల వైపు సిద్ధమయ్యాక దేశం దాటించడం. ఎల్‌ఆర్‌ఎస్ (నివాసులు విదేశాలకు డబ్బు పంపడానికి ఆర్బీఐ పెట్టిన పథకం) కింద ఒక్కో నివాసి ఒక ఆర్థిక సంవత్సరంలో 2 లక్షల 50 వేల డాలర్లు పంపవచ్చు. మీరు, మీ భార్య ఇద్దరు. మార్చిలో ఇద్దరూ చెరో రెండున్నర లక్షలు, ఏప్రిల్ 1 దాటాక మళ్ళీ. అలా కొన్ని వారాల తేడాతో 10 లక్షల డాలర్ల దాకా వెళ్తుంది, ఇంకెవరి సాయమూ అక్కర్లేదు. అయితే ఆమె పంపాలంటే ఆ డబ్బు ఆమెది అయి ఉండాలి. మీ ఖాతా నుంచి ఆమె ఖాతాకు గిఫ్ట్ డీడ్ రాసి ముందే బదిలీ చెయ్యండి. డీడ్ తేదీ బదిలీ తేదీ కంటే ముందుండాలి.

ఇప్పుడు టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా పట్టే పన్ను) లెక్క. ఎంత ఖర్చవుతుందని అడిగే ప్రతివారూ ఇదొక్కటి మర్చిపోతారు. పెట్టుబడికి గానీ బహుమతిగా గానీ పంపినప్పుడు, ఒక్కో మనిషికి ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ వసూలు చేస్తుంది. లెక్క సులువు కోసం డాలర్ 90 రూపాయలనుకుందాం. 8 లక్షల పెట్టుబడి, 70 వేల దాకా అడ్మినిస్ట్రేషన్ ఫీజు, వకీలు ఖర్చులు కలిపి 9 లక్షల డాలర్లు, అంటే 8.1 కోట్లు. మార్చిలో చెరో 2.5 లక్షల డాలర్లకు ఒక్కొక్కరి మీద 43 లక్షల టీసీఎస్. ఏప్రిల్‌లో చెరో 2 లక్షలకు ఒక్కొక్కరి మీద 34 లక్షలు. మొత్తం 1 కోటి 54 లక్షలు. 8.1కి 1.54 కలిపితే 9.64 కోట్లు. మీ దగ్గర ఉన్నవి 9 కోట్లు. అంటే 64 లక్షలు తక్కువ పడతాయి, అదీ రెండో విడత పంపేటప్పుడు, ఎస్క్రో గడువు తరుముతున్నప్పుడు.

ఈ టీసీఎస్ పోయే డబ్బు కాదు. ఐటీ రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది. కానీ ఎప్పుడు వస్తుందన్నది మీరు పంపిన నెలను బట్టి ఉంటుంది. మార్చిలో పంపినదానికి ఆ జూలైలోపే రిటర్న్ వెయ్యవచ్చు. ఏప్రిల్‌లో పంపినదానికి మరుసటి ఏడాది రిటర్న్ దాకా ఆగాలి. అందుకని మార్చి విడత నిండుగా పంపండి, ఏప్రిల్ విడతలో వీలైనంత తగ్గించండి. వకీలు ఫీజు అబ్బాయి తన జీతంలోంచి కడితే మేలు, దాని మీద ఎల్‌ఆర్‌ఎస్ లేదు, టీసీఎస్ లేదు. తక్కువ పడే మొత్తానికి స్థలం తాకట్టు పెట్టి బ్యాంకు అప్పు తెద్దామనుకోవద్దు. ఎల్‌ఆర్‌ఎస్ కింద విదేశీ పెట్టుబడికి పంపడానికి బ్యాంకులు అప్పు ఇవ్వకూడదని ఆర్బీఐ నిబంధన. మీ బ్యాంకు ఇవ్వడానికి ఒప్పుకున్నా, ఆ అప్పు కాగితం అమెరికా ఫైలులో పడ్డాక ఇక్కడి ఉల్లంఘనకు మీరే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది.

మరో ప్రమాదకరమైన పద్ధతి. "మా బావమరిది కోటా ఖాళీగా ఉంది, అతని పేరు మీద రెండున్నర లక్షలు పంపిస్తాడు, రూపాయలు నేను ఇక్కడ ఇచ్చేస్తాను." ఇది ఆర్బీఐ నిబంధనలకూ విరుద్ధం, ఈబీ-5కీ పనికిరాదు. అబ్బాయి తరఫున అమెరికాకు డబ్బు పంపిన ప్రతి మనిషి వివరాలూ దరఖాస్తులో చెప్పాలి. బావమరిది నిజంగా తన సొంత డబ్బు బహుమతిగా ఇస్తే ఫర్వాలేదు, అప్పుడు అతని 7 ఏళ్ళ లెక్కలు కూడా ఫైలులోకి వస్తాయి. హవాలా మాట ఎత్తనే వద్దు.

బ్యాంకులో ఏ2 ఫారం (విదేశాలకు డబ్బు పంపే దరఖాస్తు) నింపేటప్పుడు మీరే దగ్గరుండి చూడండి. చాలా బ్రాంచీల్లో అలవాటుగా కుటుంబ పోషణ కోడ్ ఎస్1301 వేసేస్తారు. మీరు పంపుతున్నది బహుమతి, దానికి ఎస్1302. గిఫ్ట్ డీడ్‌లో ఒకటి, ఏ2లో ఒకటి ఉంటే అక్కడే ప్రశ్న పుడుతుంది. ఏ2 కాపీ, టీసీఎస్ సర్టిఫికెట్, స్విఫ్ట్ సందేశం (బ్యాంకు డాలర్లు పంపిన రుజువు) కాపీ ముగ్గురి దగ్గరా ఉంచండి: మీ దగ్గర, సీఏ దగ్గర, వకీలు దగ్గర. ఆరు నెలల తర్వాత బ్రాంచ్ మేనేజర్ బదిలీ అయ్యాక స్విఫ్ట్ కాపీ తెప్పించుకోవడం గగనం.

అమెరికాలో అబ్బాయి ఈ పనికి మాత్రమే ఒక కొత్త బ్యాంకు ఖాతా తెరవాలి. జీతం, క్రెడిట్ కార్డు, స్నేహితులతో పంచుకునే అద్దె ఏదీ అందులోకి రాకూడదు. మీ నుంచి అందులోకి, అందులోంచి ఎస్క్రోకు, అంతే. డబ్బు నేరుగా మీ పేరు నుంచి ప్రాజెక్టుకు పోకుండా అబ్బాయికి బహుమతిగా వెళ్ళడంలో ఇంకో వెసులుబాటు ఉంది. నివాసి అయిన మీరే విదేశీ లిస్టెడ్ కాని సంస్థలో పెడితే అది 2022 ఓవర్సీస్ ఇన్వెస్ట్‌మెంట్ నిబంధనల కిందకు వస్తుంది, ఫారం ఎఫ్‌సీ, ఏటా రిపోర్టులు, ఆర్థిక సేవల సంస్థల మీద ఆంక్షలు. విదేశంలో ఉన్న కొడుకుకు బహుమతి ఇస్తే మీకు ఆ గొడవ లేదు.

ఎన్ఆర్ఐలు చదువుతుంటే ఒక్క మాట. వారసత్వ భూమి మీ పేరునే ఉండి మీరే అమ్మితే దారి వేరు. డబ్బు ఎన్ఆర్ఓ ఖాతాలో పడాలి, ఆదాయపు పన్ను శాఖ ఫారాలు, సీఏ ధ్రువీకరణ ఇచ్చి ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు. ఇది ఎల్‌ఆర్‌ఎస్ కాదు కాబట్టి టీసీఎస్ పడదు. వ్యవసాయ భూమిని మాత్రం భారత్‌లో నివసించేవారికే అమ్మాలి.

అబ్బాయి వైపు దాఖలు ఎలా ఉంటుందంటే, రీజనల్ సెంటర్ ప్రాజెక్టు అయితే ఐ-526ఈ, అంటే పెట్టుబడిదారుడి దరఖాస్తు. అతను అమెరికాలోనే చెల్లుబాటు స్టేటస్‌లో ఉన్నాడు, రిజర్వు కోటా కరెంట్‌గా ఉంటే గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485 కూడా అదే కట్టలో పెట్టవచ్చు. దానితోపాటు వర్క్ పర్మిట్‌కు ఐ-765, ప్రయాణ అనుమతికి ఐ-131. వర్క్ పర్మిట్ చేతికొస్తే హెచ్-1బీ లాటరీ మీద ఆధారపడే బాధ తప్పుతుంది, ఈ మార్గంలో ఓపీటీ పిల్లలకు పెద్ద లాభం అదే. ఫీజులు ఈ మధ్య మారుతూ వచ్చాయి, దాఖలు చేసే రోజున యూఎస్‌సీఐఎస్ సైట్‌లో ఉన్న ఫీజే కట్టాలి. దానికి అదనంగా 1,000 డాలర్ల ఇంటెగ్రిటీ ఫండ్ ఫీజు చట్టంలోనే ఉంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఐ-485 పెట్టాక ప్రయాణ అనుమతి చేతిలో లేకుండా దేశం దాటితే ఆ దరఖాస్తు వదిలేసినట్టే లెక్క. చెల్లి పెళ్ళైనా, నానమ్మ కర్మ అయినా రావడానికి ఉండదు, ఇది ఇంట్లో అందరికీ ముందే చెప్పండి. పైగా ఎఫ్-1 వీసాకు శాశ్వతంగా ఉండే ఉద్దేశం లేదని చూపాలి. ఐ-526ఈ పడ్డాక స్టాంపింగ్‌కు హైదరాబాద్ కాన్సులేట్‌కు వస్తే తిరిగి వెళ్ళడం కష్టం. రెండోది, వర్క్ పర్మిట్ వచ్చింది కదా అని వేరే స్టేటస్ ప్రయత్నాలు ఆపొద్దు. ఐ-526ఈ తిరస్కరిస్తే ఐ-485 కూడా దానితోనే పోతుంది, ఆ రోజుకు వేరే స్టేటస్ లేకపోతే అబ్బాయి దేశం వదలాలి. హెచ్-1బీ లాటరీలో పేరు వేస్తూనే ఉండనివ్వండి.

పెళ్ళి సంబంధాలు చూస్తున్నట్టయితే ఇది చదివాకే ముహూర్తం పెట్టుకోండి. గ్రీన్‌కార్డు మంజూరయ్యే తేదీకి ముందే పెళ్ళయి ఉంటే కోడలు కూడా అదే పెట్టుబడి మీద వస్తుంది, కొంచెం వెనకగా వచ్చినా ఫర్వాలేదు. మంజూరయ్యాక పెళ్ళయితే ఆమె వేరే కోటాలో నిరీక్షించాలి. ఒక్క వారం తేడాతో ఏళ్ళ ఎడబాటు వచ్చే చోటు ఇది.

మొదట వచ్చేది రెండేళ్ళ షరతుల గ్రీన్‌కార్డు. ఆ రెండేళ్ళు నిండే ముందు 90 రోజుల్లో షరతులు తీసెయ్యమని ఐ-829 వెయ్యాలి, ఉద్యోగాలు పుట్టాయని చూపాలి. దాని రసీదు మీద కార్డు 48 నెలలు పొడిగిస్తారు. డబ్బు కనీసం రెండేళ్ళు పెట్టుబడిగా ఉండాలని 2022 చట్టం. కానీ ప్రాజెక్టు ఒప్పందాల్లో ఐదేళ్ళు, పైన పొడిగింపులు ఉంటాయి. రెండేళ్ళకే వస్తుందని ఎవరైనా అంటే ఒప్పందంలో ఆ పేజీ చూపించమనండి.

ప్రాజెక్టు ఎంపికలో బ్రోషర్ పక్కన పెట్టి కొన్ని ప్రశ్నలే అడగండి. ప్రాజెక్టు కోసం వేసే ఐ-956ఎఫ్ దరఖాస్తుకు ఆమోదం వచ్చిందా, లేక రసీదే ఉందా? రసీదుతో దాఖలు చెయ్యవచ్చు, ఆమోదం ఉంటే సగం భయం తీరుతుంది. మొత్తం ఖర్చులో ఈబీ-5 డబ్బు ఎంత శాతం, బ్యాంకు రుణం ముందు వరసలో ఎంత ఉంది? ప్రాజెక్టు అమ్ముడైతే మొదట బ్యాంకు తీసుకుంటుంది, తర్వాతే మీరు. ఒక్కో పెట్టుబడిదారుడికి 10 ఉద్యోగాలు కావాలి, అంచనా 10.5 అయితే ఆ ప్రాజెక్టు వద్దు. నిర్మాణం కొంచెం వెనకబడినా లెక్క తప్పుతుంది. 15, 16 ఉంటే ఊపిరి ఆడుతుంది. ఈబీ-5 డబ్బు రాకపోయినా ప్రాజెక్టు పూర్తవుతుందా? ఇప్పటికే కట్టడం మొదలైందా? ఐ-526ఈ తిరస్కరిస్తే డబ్బు ఎవరు, ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఆ హామీ ఇచ్చిన సంస్థ బ్యాలెన్స్ షీట్ ఏది? డబ్బు కదలికలను కనిపెట్టి చూసే స్వతంత్ర ఫండ్ అడ్మినిస్ట్రేటర్ ఉన్నారా, లేక ఏటా ఆడిట్‌తో సరిపెడుతున్నారా? ఉన్నారంటేనే నాకు సమ్మతం. వెర్మాంట్‌లో జే పీక్ స్కీ రిసార్టు వ్యవహారంలో 35 కోట్ల డాలర్లకు పైగా సేకరించి దుర్వినియోగం చేశారని 2016 ఏప్రిల్‌లో అమెరికా పెట్టుబడుల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ కేసు వేసింది. డబ్బు ఒక ప్రాజెక్టు ఖాతాలోంచి ఇంకోదానికి పోతుంటే ఆపే మూడో మనిషి లేకపోవడమే అక్కడ జరిగింది.

మీ కన్సల్టెంట్‌ను పరీక్షించడానికి ఒక్క ప్రశ్న చాలు: ఐ-956కె రిజిస్ట్రేషన్ చూపించండి. ప్రాజెక్టులను అమ్మిపెట్టే ప్రతి ప్రమోటరూ, భారత్‌లో ఉన్నా సరే, యూఎస్‌సీఐఎస్ దగ్గర ఈ ఫారంతో నమోదవ్వాలి. అతనికి ఎంత కమీషన్ ముడుతుందో రాతపూర్వకంగా పెట్టుబడిదారుడికి చెప్పి సంతకం తీసుకోవాలి. ఆ కాగితం చూపించడానికి వెనకాడినవాడితో మాట అక్కడితో ఆపండి.

గోల్డ్ కార్డు సంగతి. 2025 సెప్టెంబర్ 19 ఉత్తర్వుతో వచ్చింది. ఒక వ్యక్తి 10 లక్షల డాలర్లు అమెరికా ప్రభుత్వానికి బహుమతిగా ఇవ్వాలి, 15 వేల డాలర్ల ప్రాసెసింగ్ ఫీజు వేరు. బహుమతి అంటే తిరిగి రాదు. పైగా అది కొత్త వీసా కోటా కాదు, ఈబీ-1, ఈబీ-2 అనే ఉద్యోగ, నైపుణ్య కోటాల్లోంచే ఇస్తారు. ఆ రెండిట్లోనూ భారత్‌లో పుట్టినవారికి క్యూ ఉంది, ఈబీ-2 అయితే మరీ. భూమి అమ్మి తెచ్చిన డబ్బు మొత్తం వదులుకొని అదే వరసలో నిలబడటం మీకు నేను సూచించలేను.

అబ్బాయికి సొంత కంపెనీ పెట్టాలన్న పట్టుదల ఉంటే వేరే మాట. అమెరికాలో సొంత వ్యాపారం నడపడానికి ఇచ్చే ఈ-2 వీసా భారతీయులకు లేదు, దానికి కావలసిన ఒప్పందం అమెరికాతో మనకు లేదు. గ్రెనడా పౌరసత్వం కొని ఈ-2 తెచ్చుకోవచ్చని ఇంకా అమ్ముతున్నారు. డబ్బుతో పౌరసత్వం పొందినవారు ఆ దేశంలో మూడేళ్ళు నివాసం ఉండాలని 2022 డిసెంబర్ చట్టం అడ్డం పెట్టింది, పైగా గ్రెనడా పౌరసత్వం తీసుకున్న రోజుతో భారత పౌరసత్వం పోతుంది. బ్రిటన్‌లో పాత ఇన్వెస్టర్ వీసా 2022 ఫిబ్రవరిలో మూసేశారు. ఇప్పుడున్న ఇన్నోవేటర్ ఫౌండర్ వీసాకు కనీస పెట్టుబడి అంటూ లేదు, గుర్తింపు పొందిన సంస్థ ఆలోచన కొత్తదని, నిలబడగలదని ఆమోదించాలి. మూడేళ్ళకు శాశ్వత నివాసానికి దారి ఉంది. అది నిజంగా వ్యాపారం నడిపేవారికే.

వకీలును మీరే వెతుక్కోండి, ప్రాజెక్టువాళ్ళు చూపించినవారు వద్దు. మొదటి సమావేశంలోనే రెండు అడగండి: ప్రాజెక్టు నుంచి మీకేమైనా ముడుతుందా, ఇలాంటి భారత వ్యవసాయ భూమి ఫైళ్ళు చేశారా. తర్వాత సేల్ డీడ్, పహాణీలు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ పంపి, ప్రాజెక్టు పేరు ఎత్తకుండా, ఈ డబ్బు నిలబడుతుందా లేదా అన్నదానికి మాత్రం రాతలో అభిప్రాయం తీసుకోండి. అది చేతికొచ్చేదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వొద్దు, ఒక్క డాలరూ పంపొద్దు.